ఒకే ఇల్లు, నాలుగు రిజిస్టర్లు: ఊళ్లో వైద్యం, సంక్షేమం, రక్షణ చూసేవాళ్లను ఒక్క చోట కూర్చోబెట్టడం ఎలా

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక పల్లె. గ్రామ సచివాలయం వరండాలో నలుగురు ఆడవాళ్లు ఎవరి రిజిస్టర్ వాళ్లు ముందేసుకొని కూర్చున్నారు. ఏఎన్‌ఎం పుస్తకంలో ఒక గర్భిణికి ఏడో నెల, హిమోగ్లోబిన్ 6.8. అంగన్‌వాడీ టీచర్ పుస్తకంలో రెండేళ్ల పిల్లాడి జబ్బ చుట్టుకొలత 11.2 సెంటీమీటర్లు. పొదుపు సంఘం యానిమేటర్ దగ్గర రెండు కంతులు (అప్పు వాయిదాలు) కట్టని సభ్యురాలి పేరు. మహిళా పోలీసు డైరీలో బెల్టు షాపు దగ్గర గొడవపడితే మందలించి పంపిన ఒక మగమనిషి. ఇంటి నంబర్లు చదవమన్నాను. నలుగురూ చదివింది ఒకే నంబరు.

"ఇదేందమ్మా, మనమందరం ఆ ఇంటికేనా పోతుండేది?" అంది పక్కనే ఉన్న ఆశా.

అవును, అందరూ ఆ గడప తొక్కుతూనే ఉన్నారు. ఒకరు ఐరన్ మాత్రలిచ్చారు, ఒకరు గుడ్లిచ్చారు, ఒకరు కంతు అడిగారు, ఒకరు మగాణ్ణి బెదిరించారు. నిజానికి అక్కడున్నది ఒకటే కష్టం. తాగుడుకు డబ్బు పోతోంది, ఆ డబ్బు లేక తిండి పోతోంది, అడిగితే దెబ్బ పడుతోంది. ఇది నలుగురికీ నాలుగు ముక్కలుగా తెలుసు. ఒకరి ముక్క ఇంకొకరికి తెలియదు, అంతే.

పీహెచ్‌సీ సూపర్‌వైజర్‌గా ఇన్నేళ్లు తిరిగాక నేను నమ్మేది ఇదొక్కటే: మన ఊళ్లలో కమిటీలకు కొదవలేదు. గ్రామ ఆరోగ్య కమిటీ, బాలల సంరక్షణ కమిటీ, అంగన్‌వాడీ కమిటీ, గ్రామ సమాఖ్య, అన్నీ కాగితం మీద ఉన్నాయి. ఆ కమిటీల్లో ఉన్న మనుషులు ఒక ఇంటి గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే జరగదు. కాబట్టి కొత్త కమిటీ వేయండని చెప్పను. ఉన్న మనుషుల చేత కలిసి పని ఎలా చేయించాలో, మా మండలంలో చేసి చూసినంత మేరకు చెబుతాను.

ఇది నెల్లూరుకు కొత్తేమీ కాదు. కలిగిరి మండలం దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు పలక పట్టుకొని మొదలుపెట్టి, సారా దుకాణం దగ్గరికి నడిచారు. దూబగుంట రోశమ్మ పేరు అలాగే రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే ఈ జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున పొదుపులక్ష్మి సంఘాలు పెరిగాయి. చదువు, తాగుడు, దెబ్బలు, డబ్బు వేర్వేరు శాఖల సంగతులని ఆ అమ్మలకు ఎవరూ చెప్పలేదు. అది వాళ్లకు మేలే చేసింది.

మొదటి అడుగు: ఆరుగురు చాలు

జట్టు పెద్దదైతే మాట బయటికి పోతుంది, పని ముందుకు పోదు. ఒక సచివాలయం పరిధికి ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచర్, మహిళా పోలీసు, గ్రామ సమాఖ్య యానిమేటర్, సంక్షేమ సహాయకుడు ఉంటే చాలు. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ (ఆ క్లినిక్ నడిపే ఆరోగ్య ఉద్యోగి) ఉంటే ఆమెనూ కలుపుకోండి. హైస్కూలున్న ఊరైతే, పిల్లలు చనువుగా మాట్లాడే ఒక టీచరును కూడా. అది హెడ్మాస్టరే కానక్కర్లేదు.

సర్పంచినీ, ఊరి పెద్దలనీ నెలవారీ కూర్చోవడంలోకి పిలవొద్దని నా అభిప్రాయం. వాళ్ల మీద గౌరవం లేక కాదు. ఊరి పెద్ద ఎదుట ఏ ఇంటి సంగతీ నిజంగా బయటికి రాదు. మూడు నెలలకోసారి వాళ్లను విడిగా కలిసి, పేర్లు లేకుండా, ఊరికి ఏం కావాలో చెప్పండి. వీధి దీపాలు, బెల్టు షాపు, బడి దారి పక్కన ముళ్లపొదలు, ఎస్టీ కాలనీకి నీళ్లు. ఇవి వాళ్లు చేయగలరు, చేస్తారు కూడా.

మండలంలో నలుగురి చెవిన వేసి ఉంచాలి: పీహెచ్‌సీ డాక్టరు, సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే అధికారి), ఎస్సై, వెలుగు ఏపీఎం (పొదుపు సంఘాలను చూసే అధికారి). వీళ్ల అనుమతి నోటి మాటగా వదలొద్దు. ఎంపీడీఓ చేత ఒక చిన్న సర్క్యులర్ ఇప్పించుకోండి. ఫలానా రోజు ఫలానా సిబ్బంది గంటన్నర సచివాలయంలో కలుస్తారు, ఆ సమయం డ్యూటీ కిందే లెక్క అని నాలుగు వాక్యాలు. ఆ కాగితం లేకపోతే రెండో నెలకే ఎవరో ఒకరి పై అధికారి "నీ పని వదిలి అక్కడేం చేస్తున్నావ్?" అంటాడు. మూడో నెలకు ఆ మనిషి రాదు.

రెండో అడుగు: రోజు, చోటు

చిన్న విషయంలా ఉంటుంది గానీ సగం ప్రయత్నాలు ఇక్కడే ఆగిపోతాయి. సోమవారం అర్జీల రోజు. బుధ, శనివారాలు టీకాలు. ఒకటో తేదీ చుట్టూ పింఛన్లు. నెలాఖరు ఆన్‌లైన్ ఎంట్రీలు. మాకు మిగిలింది రెండో గురువారం మధ్యాహ్నం, అంగన్‌వాడీ పిల్లలు ఇళ్లకు పోయాక. ఏడాది పొడుగునా అదే రోజు, అదే వేళ. మెసేజ్ పెట్టి పిలిచే మీటింగు మీటింగే కాదు.

చోటు సచివాలయమో, హెల్త్ క్లినిక్కో అయితే మంచిది. గుడి మండపం, పెద్దవాళ్ల ఇంటి వసారా వద్దు. కాలనీ ఆడవాళ్లు రాలేని చోట కూర్చుంటే కాలనీ సంగతులు అక్కడికి రావు. ఈ మాట ఎవరూ బయటికి అనరు, కానీ అందరికీ తెలుసు.

మూడో అడుగు: ఒకే ఒక్క పనితో మొదలుపెట్టండి

తొలి ఆర్నెల్లు అన్నీ నెత్తికెత్తుకోవద్దు. మీ ఊళ్లో ఎక్కువగా కనపడే ఒకదాన్ని ఎంచుకోండి. ఒంటరి ముసలివాళ్లు, బడి మానేసిన ఆడపిల్లలు, తాగుడున్న ఇళ్లలో గర్భిణులు, ఏదైనా సరే. మేం ఒంటరి ముసలివాళ్లతో మొదలుపెట్టాం. అందులో తగాదా లేదు, ఎవరూ అడ్డం రారు. జట్టుకు కలిసి పనిచేయడం అలవాటవుతుంది.

దానికి ఒక మంచి అవకాశం చేతిలోనే ఉంది. సచివాలయం సిబ్బంది ఎన్టీఆర్ భరోసా పింఛను గడప దగ్గరే ఇస్తారు. ముసలివాళ్లకు 4,000 రూపాయలు. ఆ డబ్బు చేతిలో పెట్టే అర నిమిషంలో నాలుగు చూడమని చెప్పాం. పొయ్యి వెలిగిన జాడ ఉందా? మంచం పక్కన నీళ్లున్నాయా? ఒంటి మీద దెబ్బల మచ్చలున్నాయా? డబ్బు ఇవ్వగానే ఇంకెవరైనా చెయ్యి చాపుతున్నారా? ఈ నాలుగో ప్రశ్నతోనే ఒక్క నెలలో మూడిళ్లు బయటపడ్డాయి. ఒక అవ్వ నోట్లు లెక్కపెట్టుకోకుండానే తలుపు వెనక నిలబడ్డ మనవడి చేతిలో పెట్టేసింది. తర్వాత ఏఎన్‌ఎం వైపు తిరిగి "బీపీ మాత్రలు రెండు నెల్లుగా ల్యా తల్లీ" అంది. మాత్రలు హెల్త్ క్లినిక్‌లో ఉచితంగా ఉన్నాయి. అక్కడిదాకా తీసుకుపోయే మనిషే లేడు.

నాలుగో అడుగు: గుట్టు

అన్నిటికన్నా కష్టమైంది ఇదే. ఇక్కడ తప్పితే మిగతావన్నీ వృథా.

మొదట్లో నేను చేసిన తప్పు చెబుతాను. పెళ్లికాని ఒక అమ్మాయి సంగతి జట్టులో పేరుతో సహా చెప్పాను. సాయంత్రానికి అది టీ బంకు దగ్గరుంది. ఎవరి నోటి నుంచి జారిందో తెలియలేదు. ఆ అమ్మాయి మళ్లీ మా సబ్‌సెంటర్ మెట్టెక్కలేదు. ఆమెకు అప్పుడు వైద్యం ఎంతో అవసరం. ఆ నష్టం పూర్తిగా నాదే. తర్వాత మేం పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి.

ముందుగా ఆ మనిషినే అడగాలి. అడిగే మాట కూడా నేర్చుకోవాలి. "అమ్మా, నీ సంగతి యానిమేటరుకు చెబితే కంతు వాయిదా గురించి మాట్లాడొచ్చు. చెప్పమంటావా? ఎవరికి చెప్పొద్దంటే వాళ్లకు చెప్పను." వద్దంటే వద్దే. ఆమె మళ్లీ వస్తుంది, తలుపు తెరిచి ఉంచండి.

అడగకుండా చెప్పాల్సిన సందర్భాలు కొన్నే. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసుకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, చిన్న పిల్లకు పెళ్లి కుదిర్చినప్పుడు కూడా ఆగకూడదు. ఈ సందర్భాల్లోనూ చెప్పాల్సింది జట్టు మొత్తానికి కాదు, పని చేయగల ఒక్కరికే.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల సంగతి అసలు జట్టులోకి తేవద్దు. 2017 చట్టం ప్రకారం వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. టీచరుకు తెలియాల్సింది "ఆ ఇంటికి పోషకాహారం కావాలి" అన్నంత వరకే.

మన పల్లెల్లో అందరూ అందరికీ చుట్టాలే. మాట్లాడుకునే ఇల్లు జట్టులో ఒకరికి అత్తింటి వైపో, పుట్టింటి వైపో అవుతుంది. అప్పుడు ఆ మనిషి లేచి బయటికి వెళ్లాలి. దీన్ని అవమానంగా తీసుకోకుండా ఉండాలంటే మొదటి మీటింగులో మీరే ముందు లేచి బయటికి వెళ్లి చూపించండి. నేను అలాగే చేశాను.

వాట్సాప్ గ్రూపులో పేరు, ఫొటో, జబ్బు, ఏదీ పెట్టకూడదు. "12వ ఇంటి సంగతి గురువారం" అని రాస్తే చాలు. ఆ 12 ఎవరో పుస్తకంలో ఉంటుంది, పుస్తకం ఏఎన్‌ఎం బీరువాలో ఉంటుంది. దెబ్బలు తింటున్న ఆడమనిషి ఫోనుకు మాత్రం ముందు చెప్పకుండా ఎప్పుడూ కాల్ చేయవద్దు. ఎత్తేది భర్తే కావచ్చు. ఏ వేళ మాట్లాడొచ్చో ఆమెనే అడగండి. ఇంటికి వెళ్లాలంటే ఏఎన్‌ఎం బీపీ మిషన్ పట్టుకొని వెళ్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

ఐదో అడుగు: పుస్తకం ఎలా రాయాలి

వంద పేజీల నోటుబుక్కు ఒకటి. ఇంటికి ఒక పేజీ. పైన ఇంటి గుర్తు నంబరు. దాని కింద నాలుగే విషయాలు: ఏం కనపడింది, ఆ ఇంటివాళ్లు ఏం కావాలన్నారు, ఎవరు ఏం చేస్తారు, ఎప్పటిలోగా. "ఎవరు" దగ్గర ఒక్క పేరే రాయాలి. "అందరం చూద్దాం" అని రాసిన ఏ పనీ మా పుస్తకంలో జరిగినట్టు లేదు.

మొదట చెప్పిన ఇంటి పేజీ ఇలా రాశాం. ఏఎన్‌ఎం: ఈ శుక్రవారం గర్భిణిని కావలి ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. హిమోగ్లోబిన్ 7 లోపుంది కాబట్టి మాత్రలతో సరిపోదు. అంగన్‌వాడీ టీచర్: జబ్బ కొలత 11.5 లోపుంటే తీవ్ర పోషణ లోపమే, పిల్లాణ్ణి డాక్టరుకు చూపించి పోషకాహార పునరావాస కేంద్రానికి పంపే సంగతి తేల్చాలి. యానిమేటర్: రెండు కంతుల గురించి సంఘంలో మాట్లాడాలి, కాన్పు అయ్యేదాకా ఇంటి ముందు నిలబడి అడగకూడదు. మహిళా పోలీసు: ఆమెతో ఒంటరిగా మాట్లాడి, కేసు కావాలా, కౌన్సెలింగ్ కావాలా, ఏదీ వద్దా అని అడగాలి.

ఆమె కేసు వద్దంది. "మందు మాన్పిస్తే చాలు" అంది. జట్టులో ఇద్దరికి ఇది నచ్చలేదు. కానీ ఆ ఇంట్లో ఉండాల్సింది ఆమె, మనం కాదు. అందుకే ఆమె మాటే పేజీలో రెండో వరుసలో రాశాం. భర్తను తాగుడు మాన్పించే చికిత్సకు డాక్టరు ద్వారా పంపాం. మధ్యలో ఒకసారి తిరగబడి తాగాడు, మళ్లీ పంపాం.

ఆరో అడుగు: ఏ కష్టానికి ఏ తలుపు

పుస్తకం ఆఖరి పేజీలో ఇవి పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఎమర్జెన్సీకి 112. అంబులెన్సుకు 108. ఆడవాళ్లకు 181. పిల్లలకు 1098. ముసలివాళ్లకు 14567. మనసు బాగోలేనివాళ్లకు టెలిమానస్ 14416, అది తెలుగులోనే మాట్లాడుతుంది. డబ్బు ఆన్‌లైన్‌లో పోతే 1930. నంబరు రాసుకుంటే చాలదు. ప్రతి ఒక్కరూ ఒకసారి చేసి చూసి, అవతలి నుంచి ఏం అడుగుతారో తెలుసుకొని ఉండాలి.

గృహహింస. 2005 చట్టం కింద బాధితురాలే పోవాలని లేదు. జరిగిందని నమ్మిన ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే శాఖ) జిల్లా కార్యాలయంలో అడిగితే రక్షణాధికారి ఎవరో చెబుతారు. రాత్రికి రాత్రి ఇల్లు వదలాల్సి వస్తే 181కి చేయండి. జిల్లా కేంద్రంలోని సఖి వన్ స్టాప్ సెంటర్‌లో కొన్ని రోజులు తలదాచుకోవచ్చు, వైద్యం, పోలీసు, లాయరు అన్నీ అక్కడినుంచే చూస్తారు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ను ఇస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియక ఇప్పటికీ పుస్తెలు తాకట్టు పెడుతున్నారు.

బాల్య వివాహం. అమ్మాయికి 18, అబ్బాయికి 21. ఈ కబురు అందరికన్నా ముందు అంగన్‌వాడీ టీచరుకో, యానిమేటరుకో చేరుతుంది, "పెళ్లికి అప్పు కావాలి" అనే మాటతో. పందిరి వేశాక పోలీసుతో వెళితే ఆ కుటుంబం ఊళ్లో తలెత్తుకోలేదు, పిల్ల మీద కోపం పడుతుంది. నిశ్చితార్థం మాట వినపడిన రోజే టీచరు, ఆశా ఇద్దరూ వెళ్లి తల్లితో కూర్చోవాలి. మా అనుభవంలో చాలా పెళ్లిళ్లు వంటింట్లోనే ఆగాయి. ఆగకపోతే 1098కి, సీడీపీఓకు చెప్పండి, కోర్టు నుంచి నిలుపుదల ఉత్తర్వు తేవచ్చు. పెళ్లి ఆగిన పిల్లను వదిలేయకూడదు. మర్నాటి నుంచి బడికి పోతుందా, హాస్టల్ సీటు కావాలా అనేది పుస్తకంలోకి రావాలి. లేకపోతే ఆరు నెలల్లో ఇంకో ఊళ్లో పెళ్లవుతుంది.

తల్లిదండ్రులను చూడకపోవడం. 2007 చట్టం కింద ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంది, తెల్ల కాగితం మీద అర్జీ ఇవ్వొచ్చు. మమ్మల్ని చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చి ఉంటే, చూడకపోతే 23వ సెక్షన్ కింద ఆ రాత రద్దు చేయించుకోవచ్చు. అర్జీ ఇవ్వబోతున్నామని కొడుకుకు గౌరవంగా చెప్పండి. సగం ఇళ్లలో అక్కడితోనే పళ్లెంలో అన్నం పడుతుంది.

పురుగుమందు. పొలాలున్న ఊళ్లో ప్రతి జట్టూ దీనికి సిద్ధంగా ఉండాలి. తాగిన మనిషికి వాంతి చేయించవద్దు. ఒంటి మీది బట్టలు తీసి నీళ్లతో కడగండి, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, 108కి చేసి, మందు డబ్బా వెంట పంపండి. గడ్డిమందుల్లో పారాక్వాట్‌కు విరుగుడే లేదు, ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకూడదు. కేసవుతుందని భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లనివాళ్లను చూశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని చెబుతోంది. మహిళా పోలీసు ఈ మాట ముందే ఊళ్లో చెప్పి ఉంచాలి.

బతికి ఇంటికొచ్చాక తొలి వారాలే అన్నిటికన్నా ప్రమాదం. మా జట్టు చేసేది ఇది. మూడో రోజు ఆశా వెళ్తుంది. వారానికి ఏఎన్‌ఎం. ఇంట్లోని మందు డబ్బాలు వేరే చోటికి, తాళం కిందికి. అప్పు సంగతైతే యానిమేటర్. నెలన్నర దాకా ఆ పేజీ మూయం. "ఎందుకు తాగావు?" అని ఎవరూ అడగకూడదు. "అన్నం తిన్నావా?" అని మాత్రం అడగాలి.

గంజాయి, కుర్రాళ్లు. పేరు చెప్పిన మరుక్షణం స్టేషన్‌కు లాక్కెళ్తారనుకుంటే ఏ తల్లీ నోరు విప్పదు. ఎస్సైతో ముందే మాట్లాడుకోండి. తాగే పిల్లాడు డాక్టరు దగ్గరికి, అమ్మేవాడు పోలీసు దగ్గరికి. అమ్మేవాళ్ల సంగతి రాష్ట్రంలో 1972 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు.

యానాది సంఘాలు, అంటే ఆ గిరిజనుల వాడలు. చెరువుల దగ్గర, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే కుటుంబాలు ఏ రిజిస్టర్లోనూ ఉండవు. ఆధార్ లేదు, అందుకే రేషన్ లేదు, పింఛను లేదు, టీకా కార్డు లేదు. సంవత్సరంలో ఒక్కసారైనా జట్టు మొత్తం డిజిటల్ అసిస్టెంట్‌ను వెంటబెట్టుకొని గుంటల వెంబడి నడవాలి. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే ఎవరూ దొరకరు.

ఏడో అడుగు: పని కదలనప్పుడు

ఒక కార్యాలయం రెండు నెలలు కాగితం కదపదు. ఒక ఆసుపత్రి "రేపు రండి" అని పంపేస్తుంది. కోపంతో గ్రూపులో రాయకండి. తేదీ వేసి, ఎవరి దగ్గరికి వెళ్లారో, ఏమన్నారో పేజీలో రాయండి. రెండుసార్లు తిరిగాక మండలంలోని ఆ నలుగురిలో సంబంధించినవారికి ఫోను చేయండి. అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్ అర్జీల్లో వేయండి, రసీదు పేజీకి అంటించండి. తేదీలున్న పేజీ ముందు ఎవరూ గొంతు పెంచలేరు.

జట్టులోపలి మనస్పర్థలు ఇంకో రకం. ఏఎన్‌ఎంకూ అంగన్‌వాడీ టీచరుకూ పడదు, బరువు ఎవరు తూచాలన్న దగ్గరే తగాదా. మేం కనుక్కున్న మందు ఒకటే: ఇద్దరినీ ఒకే ఇంటికి కలిపి పంపడం. మీటింగులో కుదరని సఖ్యత దారిలో కుదురుతుంది.

ఎనిమిదో అడుగు: బదిలీలు

ఎస్సై మారతాడు, డాక్టరు మారతాడు, మహిళా పోలీసు మారుతుంది. ఊళ్లో మిగిలేది ఆశా, యానిమేటర్, అంగన్‌వాడీ టీచర్. కాబట్టి జట్టును నడిపే పని వాళ్లలో ఒకరికే ఇవ్వండి, హోదా ఉన్నవాళ్లకు కాదు. పాతవాళ్లు వెళ్లేలోపు కొత్తవాళ్లను ఒక పూట వెంటబెట్టుకొని, తెరిచి ఉన్న పేజీల ఇళ్లకు మాత్రం తిప్పాలి. పరిచయం చేసే ముందు ఆ ఇంటివాళ్లను అడగాలి.

ఆ మొదటి ఇంటికి కొత్త మహిళా పోలీసును తీసుకెళ్లినప్పుడు చంటిపిల్ల ఉయ్యాల్లో ఉంది. పెద్దాడి జబ్బ కొలిస్తే 12.9. ఇంటాయన వాకిట్లో గేదెకు గడ్డి వేస్తూ, యూనిఫాం చూసి ఆగిపోయాడు. "బయపడబాక అబ్బయ్యా, కొత్తగా వచ్చిందిలే, చూసిపోతాది" అంది ఆశా. ఆ ఇంటామె లోపలికి పోయి ఇంకో కుర్చీ తెచ్చి వేసింది.